అమ్మనివాటి పద్దు

మా కొట్లో రెండు పుస్తకాలు.
అమ్మినవాటికి ఒకటి, దాన్ని పన్నులవాళ్లు చూస్తారు.
అమ్మనివాటికి ఇంకొకటి. దాన్ని నేనే చూస్తాను,
తలుపు వేసేశాక, కళ్లజోడు తుడుచుకుని.

జనవరి పదకొండు. యూకలిప్టస్ నూనె, చిన్న సీసా. అమ్మలేదు.

వచ్చినవాడు నికోదేమో,
బోవా మరీనా రైలు గేటు దగ్గర టైర్లు మార్చే కుర్రాడు.
గోళ్ల సందుల్లో నలుపు,
రెండు రాత్రుల నిద్ర బాకీ కళ్ల కింద.
“పాపకి జలుబు. ముక్కు కింద చుక్క రాస్తే
దారి తెరుచుకుంటుందని మా వదిన చెప్పింది.”
ఎన్నో నెల?
“మూడు వెళ్లి నాలుగు.”
తీసిన సీసా మళ్లీ అరలో పెట్టేశాను.

ఆ ఆకు వాసన మనకి గాలి.
పిడికెడు ఊపిరికి మాత్రం
గొంతు బిగించే చెయ్యి.
పుదీనా నూనే అయినా అంతే.
మెత్తగా చెప్పడం నాకు రాదు, గట్టిగానే చెప్పాను:
ఉప్పునీటి చుక్కలు మందుల షాపులో ఉంటాయి, వెళ్లు.
పాలు మానేసినా, డొక్కలు లోపలికి ఎగబీలుస్తున్నా
షాపుకీ వద్దు, తిన్నగా ఆసుపత్రికే.

“సహజమైనదేగా?” అన్నాడు.
మీ గేటు పక్కన వరసగా ఉన్నది గన్నేరు, నాయనా.
అదీ భూమిలోంచే వచ్చింది.

తలుపు కొట్టుకున్న చప్పుడుకి
అరల్లో సీసాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

నాన్న బెర్గమోట్ తొక్కల్ని సముద్రపు స్పాంజికి అదిమేవాడు.
నిమ్మకీ నారింజకీ మధ్య ఎక్కడో ఆగిపోయిన కాయ,
నోట్లో పెట్టలేం, తొక్కలోనే దాని తెలివంతా.
డిసెంబరు తెల్లవారుజామున దీపం కింద పదిమంది మగవాళ్లు
అదిమి తిప్పి, అదిమి తిప్పి,
నిండిన స్పాంజిని మట్టి పిడతలోకి పిండేవాళ్లు.
పచ్చటి నూనె పైకి తేలేది.

పంతొమ్మిదేళ్లప్పుడు దాన్ని మెడకి రాసుకుని
ఆగస్టు మధ్యాహ్నం సముద్రానికి వెళ్లాను.
ఎవరి కోసమో ఇప్పుడు అనవసరం.
మర్నాటికి ఎరుపు, వారానికి గోధుమరంగు.
చెవి కింది నుంచి చుక్క ఎలా జారిందో
ఎండ ఆ దారంతా గీసిపెట్టింది.
నాలుగు వేసవులు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాను.
రాసుకున్న చోట ఎండ తగలకూడదని
ఆ పదిమందిలో ఒక్కరూ చెప్పలేదు.
తెలియదేమో. వాళ్లది చలికాలపు పని.

ఫిబ్రవరి. కాటేనాకి నిద్ర పట్టడం లేదు.
లావెండర్ ఇచ్చాను, బాదం నూనెతో కలిపి.
రెండు టీ చెంచాల బాదానికి రెండు చుక్కలు.
ఇరవై అడిగింది. మిగతా పద్దెనిమిదీ ఈ పద్దులోకే.
ముందు మోచేతి మడతలో రాసి
ఒక రోజు ఆగమన్నాను. గొణిగింది.

మార్చి. బస్తియానో. గదిలో పొగ పెట్టడానికి టీ ట్రీ.
ఇంట్లో పిల్లి ఉంది. అమ్మలేదు.
పిల్లి మా మెట్ల మీదే పడుకుంటోంది, నాకేదో బాకీ ఉన్నట్టు.

అదే వారం ఒక ఏజెంటు ఆరు యూరోలకి గులాబీ నూనె తెచ్చాడు.
మొక్క అసలు పేరు లేదు, తెల్ల గాజు సీసా.
కొనలేదు.
(ఇది కొననివాటి పద్దులోకి వెళ్లాలి.
ఆ పుస్తకం ఇంకా కొనలేదు.)

ఏప్రిల్లో నా పాత ఫియట్ చక్రం కూర్చుంది.
వెళ్లక తప్పలేదు.
గోడకి ఆనించిన పాత టైరు చూపించి, చవగ్గా ఇస్తావా అన్నాను.
నికోదేమో దాన్ని దొర్లించి, బొటనవేలితో నొక్కి,
సన్నటి పగులు దగ్గర ఆగాడు.
“దీంతో కొండ దారి దిగుతావా?
నీకు అమ్మను.”
నవ్వలేదు అతను. నేనూ నవ్వలేదు.
వెనకాల, బోల్టుల అర కింద బుట్టలో,
పాప నోరు మూసుకుని ముక్కుతోనే
హాయిగా ఊపిరి తీస్తోంది.

ఆ రాత్రి రాశాను:
ఏప్రిల్ ఆరు. టైరు, ఒకటి.
అమ్మలేదు.